పేరులేనివారి ఇళ్ళు

ఇంగ్లండులోని యార్క్ నగరంలో, కాపర్‌గేట్ వీధిలో, పాత మిఠాయి ఫ్యాక్టరీ ఉండిన చోట దుకాణాల సముదాయం కట్టదలచారు. దానికి ముందు, 1976 నుంచి 1981 దాకా పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ నేలను తవ్వారు. పదో శతాబ్దపు తడికె ఇళ్ళు, కొయ్య గిన్నెలు, తోలు చెప్పులు బయటపడ్డాయి. గాలి చొరని తడిమట్టి వాటిని కుళ్ళనివ్వలేదు. పాయిఖానా గుంటల్లో ఏలికపాముల గుడ్లు సైతం నిలిచి ఉన్నాయి.

వైద్యులమైన మాకు ఆ గుడ్లు పాత పరిచయస్థులే. వెయ్యేళ్ళనాటి ఆ కడుపునొప్పి మాకు పరాయిది కాదు. రాజుల పేర్లు గ్రంథాల్లో ఉన్నాయి. ఆ గిన్నెలు చేసినవాడికి మాత్రం మట్టి తప్ప వేరే సాక్ష్యం లేదు.

చనిపోయినవారి కోసం బతికున్నవారి పనులు ఆగాలా అని అడుగుతారు. ఎల్లకాలం ఆగనక్కరలేదు. కాని తవ్వకం శవపరీక్ష వంటిది. కోసి చూసినదాన్ని మళ్ళీ మొదటి స్థితికి తేలేము. కనుక చూసినదంతా అప్పుడే రాసిపెట్టాలి. అందుకు వ్యవధి ఇవ్వటం కట్టేవారి ధర్మం.

కాపర్‌గేట్‌లో ఆ తరువాత దుకాణాలూ లేచాయి. 1984లో వాటి అడుగున, తవ్విన చోటనే ప్రదర్శనశాలా తెరిచారు. ఆ అయిదేళ్ళూ దండగ కాలేదు. మనలోనూ చాలామంది పేర్లు చరిత్రకెక్కవు. మన ఇళ్ళ మీద రేపు కట్టేవారు కూడా కాస్త ఆగి చూస్తే బాగుండునని కోరుకోమా?