గోలు కాచినవాడు, గుమ్మము కాచినవారు

ధ్యానభాగములు: సంఖ్యాకాండము 16, 1 దినవృత్తాంతములు 9:17–27



దినవృత్తాంతముల మొదటి గ్రంథము చదువనారంభించినవారిలో అనేకులు తొమ్మిదవ అధ్యాయము చేరకమునుపే అలసిపోవుదురు. ఎవరు ఎవరి కుమారుడో చెప్పు పేర్ల వరుస అది. కుటుంబ ప్రార్థనలో ఆ భాగము వచ్చినపుడు పిల్లలు తూగుటయు, పెద్దలు రెండు పుటలు ఒక్కసారిగా త్రిప్పుటయు మనమెరుగని సంగతి కాదు. అయినను పదునేడవ వచనమునొద్ద కొంచెము ఆగుదము. షల్లూము, అక్కూబు, టల్మోను, అహీమాను అను నలుగురు అక్కడ కనబడుచున్నారు. వారు ఏ రాజ్యమును జయింపలేదు, ఏ ప్రవచనమును పలుకలేదు. దేవుని మందిరపు గుమ్మములు కాచిరి. తూర్పున, పడమట, ఉత్తరమున, దక్షిణమున కావలి నిలిచిరి. అట్లు ఏర్పరచబడినవారు మొత్తము 212 మంది అని లేఖనము లెక్కతో సహా చెప్పుచున్నది. రాత్రి మందిరము చుట్టు పండుకొనుట, ప్రతి ఉదయమున తలుపులు తెరచుట, ఇదే వారి పని.

ఓరుగల్లు కోట చూచినవారికి ఈ నాలుగు దిక్కుల కావలి తేలికగా బోధపడును. గణపతిదేవ చక్రవర్తి కట్టించిన రాతిగోడను ఆయన కుమార్తె రుద్రమదేవి ఎత్తు పెంచెను. దాని వెలుపల కందకము, మరి వెలుపల మట్టికోట. రాతికోట వాకిళ్లు సూటిగా ఉండక వంపు తిరిగియున్నవి. శత్రువు ఒక్క పరుగున లోనికి దూసుకొని రాకుండ అట్లు కట్టిరి. నేడు కోట చూడబోవువారు నడుమనున్న నాలుగు కీర్తి తోరణముల క్రింద నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొందురు. అది తప్పని మేము చెప్పము, అవి చూడదగినవే. అయితే ఆ వంపు వాకిట వానలోను చలిలోను నిలిచిన కావలివాని పేరు ఏ శాసనముమీద వెదకుదుము?

మందిరపు కావలివారి పేర్లు మాత్రము లేఖనములో నిలిచినవి. అంతకంటె ఆశ్చర్యమైన మాట పంతొమ్మిదవ వచనములో నున్నది. ఈ షల్లూము కోరహు సంతతివాడు.

కోరహు ఎవడో మనకు తెలియును. అతడు లేవీయుడు, కహాతీయుడు. ప్రత్యక్షపు గుడారములోని పరిశుద్ధ వస్తువులను భుజముమీద మోయు భాగ్యము కహాతీయులది. అది అతనికి చాలలేదు. ముందు నిలుచుట, ధూపము వేయుట, యాజకత్వము కావలెనని కోరెను. దాతాను అబీరాములను, పేరుపొందిన 250 మంది ప్రధానులను వెంటబెట్టుకొని మోషేకు ఎదురు తిరిగెను. మీకియ్యబడిన సేవ మీకు అల్పముగా కనబడెనా అని మోషే అతని నడిగెను. కడకు ఏమి జరిగెనో ఆ అధ్యాయము చదివినచో తెలియును. కాని సంఖ్యాకాండము 26వ అధ్యాయము 11వ వచనములో ఒక చిన్న మాట గలదు: కోరహు కుమారులు చావలేదు. తండ్రి ముందుకు దూకబోయి నశించెను. అతని సంతానము తరతరములు గుమ్మమునొద్ద నిలిచెను. 84వ కీర్తన శిరోభాగమున ఎవరి పేరున్నదో చూడుడి. దేవుని మందిర ద్వారమునొద్ద ఉండుటయే మేలని అక్కడ చెప్పబడుట ఊరక కాదు.

ముందునుండి వెనుకకు వచ్చి వాకిట నిలుచుట ఎట్టిదో మన కాలపు మనుష్యునియందు చూడగోరితిమి. హైదరాబాదులో 1935 డిసెంబరులో పుట్టిన పీటర్ తంగరాజ్ అను ఫుట్‌బాల్ ఆటగాని జీవితము ఇందుకు తగియున్నది.

మన పల్లెలలో చెడుగుడు ఎరుగనివారు లేరు. కూతకు పోవువానిమీదనే అందరి కన్ను. కాలు పట్టి ఆపినవానిని ఆ క్షణమున మెచ్చి మరుక్షణమున మరతుము. ఫుట్‌బాలులోను అంతే. పదునొకండుగురిలో బంతిని అవతలి గోలులో వేసినవానిని భుజములమీద మోయుదురు. ఇవతల 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల చట్రము ముందు ఒకడు ఒంటరిగా నిలుచును. అతడే గోల్‌కీపరు. బంతిని చేతులతో పట్టు హక్కు ఆటలో అతనికొక్కనికే గలదు. అతని వెనుక మరి ఎవరును లేరు.

తంగరాజ్ మొదట ఈ స్థలములో ఆడినవాడు కాడు. సికింద్రాబాదు క్లబ్బులలో ఆట నేర్చి, 1953లో సైన్యములో చేరి, నీలగిరులలోని వెల్లింగ్టనులో నున్న మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులో ప్రవేశించెను. అక్కడ అతడు సెంటర్ ఫార్వర్డు, అనగా అందరికంటె ముందుండి గోలు వేయవలసినవాడు. తరువాత అతనిని వెనుకకు తెచ్చి గోలు కాపలాకు నిలిపిరి. ఆరడుగులకు మించిన ఆ యువకుడు ఆ స్థలమును తన స్థలముగా చేసికొనెను. ఆ జట్టు 1955లోను 1958లోను డ్యూరాండ్ కప్పు గెలిచెను. 1956లో మెల్‌బోర్ను, 1960లో రోము ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన మన దేశపు జట్టులలో అతడుండెను. 1958లో ఆసియా ఖండపు ఉత్తమ గోల్‌కీపరుగా ఎన్నిక పొందెను. 1960లో అతని నాయకత్వమున సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. అటుపిమ్మట కలకత్తా మహానగరములోని మూడు పెద్ద క్లబ్బులైన మొహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లకును ఆడెను. 1967లో ప్రభుత్వము అర్జున పురస్కార మిచ్చెను. 2008 నవంబరు 24న బొకారోలో మరణించెను.

ఆయన పేరు పేతురు గనుక ఆయనను పరిశుద్ధునిగా చిత్రించుట మా ఉద్దేశము కాదు. మనుష్యుని హృదయము ప్రభువే ఎరుగును. గోలు వేయువాడు గోలు కాచువాడాయెనను ఆ ఒక్క సంగతి మన ధ్యానమునకు చాలును.

1962 సెప్టెంబరు 4న జకార్తా నగరములో జరిగిన ఆటను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకమునకు అది చివరి పోటీ. మన జట్టును తీర్చినవాడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి బడిపంతులు. ఆ క్రీడలకు ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని రానియ్యలేదు. ఆ విషయమై మన దేశపు క్రీడాధికారి ఒకరు అభ్యంతరము చెప్పగా, ఆ దేశపు ప్రజలకు మనవారిమీద ఆగ్రహము కలిగెను. మైదానములో దాదాపు లక్షమంది జనము. వారిలో మనవారి మేలుకోరినవారు అతి స్వల్పము. మన జాతీయ గీతము వినబడకుండ కేకలు వేసిరి. ఎదుట నిలిచినది దక్షిణ కొరియా. ఆ జట్టే మొదటి ఆటలో మనలను రెండు గోళ్లతో ఓడించియుండెను.

ఆ దినమున మన జట్టు నిండుగా లేదు. వెనుక రక్షణలో ఆడవలసిన జర్నైల్ సింగుకు థాయిలాండుతో జరిగిన ఆటలో తల పగిలి కుట్లు పడెను. రహీంగారు అతనిని వెనుకనుండి ముందుకు తెచ్చి గోలు వేయువారితో నిలిపెను. తంగరాజ్ జ్వరముపడి లేచినవాడు. ముందటి ఆటలలో ప్రద్యుత్ బర్మన్ అను యువకుడు గోలు కాచియుండెను. చివరి ఆటకు తంగరాజ్‌ను పిలిచిరి. ఆట మొదలైన 20 నిమిషములలోనే పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతోనే జర్నైల్ సింగు మరియొకటి వేసిరి. మిగిలిన 70 నిమిషములు? అవి కాపలా నిమిషములు. ఆట ముగియవచ్చునప్పుడు కొరియావారు ఒక గోలు వేసిరి. రెండవది పోనియ్యలేదు. 2–1తో మన దేశము గెలిచెను. మరుసటి యేడు, 1963 జూనులో, రహీంగారు క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను.

వెనుకవాడు ముందుకు రమ్మనిన వచ్చెను, ముందువాడు వెనుకకు పొమ్మనిన పోయెను. మన సంఘములలో రెండవదే కష్టముగా నున్నది. పెద్దరికము దొరకలేదని గుడి మానినవారిని మనమెరుగుదుము. కోతపండుగనాడు కుర్చీ ముందు వరుసలో వేయలేదని సంవత్సరము పొడుగున కానుక ఆపినవారు కలరు. పాట ఎత్తుటకు తన కుమారుని పిలువలేదని వేరొక సమాజము పెట్టుకొనినవారును కలరు. కోరహు పాపము గుడారముతోనే భూమిలోనికి పోయెనని తలంచుచున్నాము గాని, అది మన చాపల క్రిందనే యున్నది.

ఇక గోలు కాచువాని దుఃఖము వేరొకటి గలదు. పది బంతులు ఆపినపుడు లెక్కవేయువారుండరు. ఒకటి జారినచో ఊరంతయు లెక్కించును. మన చెరువుల నీరటివానిని తలంచుకొనుడి. పాకాల, రామప్ప, లక్నవరము వంటి కాకతీయుల నాటి చెరువులు ఎన్నో శతాబ్దములు నిలుచుటకు రాజుల ధనమే చాలలేదు. వాన రాత్రి గొంగడి కప్పుకొని కట్టమీద తిరిగి, తూమునొద్ద చెవి పెట్టి, మత్తడి దుంకకముందే కేక వేసినవాడొకడుండెను. కట్ట నిలిచిన సంవత్సరము అతని మాట ఎవరెత్తుదురు? తల్లులును ఇట్లే. కుమారుడు త్రాగుడు జోలికి పోక, అప్పులవాని గడప త్రొక్కక పెరిగినచో పిల్లవాడు మంచివాడందురు. చెడినచో తల్లి పెంపకమందురు. మందిరపు గుమ్మములు కాచినవారి ఏ దినమును మన కంటికి విశేషముగా కనబడదు. ఏ అపాయమును లోనికి రానందున వ్రాయుటకేమియు లేకపోయెను. అయినను దేవుని గ్రంథములో వారి పేర్లు పడినవి.

జకార్తాలో చివరి ఆట ఆడని ప్రద్యుత్ బర్మన్‌ను కూడ మనము మరువరాదు. ముందటి ఆటలలో అతడు గోలు కాచనియెడల చివరి ఆట యెక్కడిది? దావీదు బెసోరు వాగు దాటునపుడు అలసిన 200 మంది సామానునొద్ద ఆగిరి. యుద్ధమునకు పోయిన 400 మందిలో కొందరు దుర్మార్గులు వారికి పాలు ఇయ్యమనిరి. దావీదు ఒప్పుకొనలేదు, యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమభాగమని ఇశ్రాయేలులో కట్టడగా నియమించెను (1 సమూయేలు 30:24, 25).

మన గ్రామసంఘములలో సామానునొద్ద నిలిచినవారెవరో మీరే లెక్కపెట్టి చూడుడి. మంచమున పడిన అత్తను విడువలేక ఆరునెలలనుండి ప్రభువు బల్లకు రాలేకపోయిన కోడలు. అడవిపందులు మొక్కజొన్నను పాడుచేయకుండ మంచెమీద రాత్రి గడుపు తమ్ముడు. అందరు వెళ్లిన తరువాత దీపములార్పి తాళము వేయు వృద్ధుడు. వీరిని సంఘపు పట్టీలో గైర్హాజరని వ్రాయుచున్నాము. మా దృష్టికి ఆ మాట సరికాదు.

ఇందుకు మార్గము అదే అధ్యాయము 25వ వచనములో నున్నది. ద్వారపాలకులు ఎల్లకాలము ఒంటరిగా విడువబడలేదు. గ్రామములలోనున్న వారి సహోదరులు ఏడు దినములకొకసారి వంతు ప్రకారము వచ్చి వారితో కావలి పంచుకొనిరి. గ్రామములనుండియే వచ్చిరని గమనించుడి. కాబట్టి రాబోవు ప్రభువు బల్ల ఆదివారమునకు ముందు శనివారము సాయంకాలము ప్రతి సంఘములోను పెద్దలు కూడి, ఏ యింట ఎవరు కావలి యున్నారో అడిగి వ్రాసికొనవలెను. ఆ ఆదివారము ఉదయము ఆ రోగి మంచమునొద్ద కూర్చుండుటకు ఒక సహోదరిని, ఆ మంచెమీద నిలుచుటకు ఒక సహోదరుని పంపవలెను. మొదటి వంతు సంఘపెద్దలదే కావలెనని మా మనవి.