గుంపులో ఉన్నాడులే అనుకున్నారు



సెలవులు కలిసివచ్చిన శనివారం ఉదయం బాపట్ల స్టేషనులో రైలు దిగే కాలేజీ పిల్లల్లో హైదరాబాదు నుండి వచ్చినవారు ఎందరో ఉంటారు. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో చదువుకునేవారు కూడా వారిలో ఉంటారు. శామీర్‌పేటలో 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ఆ దగ్గరలోనే బిట్స్ పిలానీ ప్రాంగణం వచ్చింది. మేడ్చల్ వైపు ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. ఎక్కడెక్కడి ఊళ్ల నుండో వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు పదిమంది కలిసి ఒక నడక బృందంగా ఏర్పడతారు. ఒక వారం కీసరగుట్ట ఎక్కుతారు, మరో వారం చెరువుగట్ల వెంట నడుస్తారు. రెండు రోజుల సెలవు దొరికితే సముద్రం చూడాలంటారు. మనకు సముద్రం దగ్గర లేదు. సూర్యలంక తీరానికి వెళ్లాలన్నా మూడు వందల కిలోమీటర్లు దాటాలి.

పిల్లలు ఇలా వెళ్లడం తప్పా? కాదు. దేవుడు చేసిన కొండనూ కడలినీ చూడాలనుకోవడం మంచి కోరికే. ఇటలీలోని తూరిను నగరంలో పియెర్ జార్జియో ఫ్రస్సాతి అనే ఇంజనీరింగ్ విద్యార్థి 1924లో తన స్నేహితులతో కలిసి ఒక బృందాన్ని ఏర్పరచుకున్నాడు. వారు కలిసి కొండలెక్కేవారు, కలిసి ప్రార్థించేవారు. మరుసటి ఏడే, 24 ఏళ్ల వయసులో, అతడు మరణించాడు. 2025 సెప్టెంబరు 7న పరిశుద్ధ పోపు 14వ లియో గారు అతణ్ణి పునీతునిగా ప్రకటించారు. పునీత రెండవ జాన్ పాల్ గారు కూడా పోలెండులో యువ గురువుగా ఉన్నప్పుడు విద్యార్థులను కొండలకూ సరస్సులకూ తీసుకువెళ్లేవారు. గురువులు యువజనుల్ని అలా నడిపించడం అక్కడి ప్రభుత్వానికి గిట్టని కాలం అది. అందుకని ఆ పిల్లలు ఆయనను మామయ్య అని పిలిచేవారు. కాబట్టి మన పిల్లలు నడిచే దారిలో పునీతుల అడుగులు కూడా ఉన్నాయి.

అయితే గుంపుగా ప్రయాణం చేసేవారికి ఒక హెచ్చరిక సువిశేషంలోనే ఉంది. లూకా సువార్త రెండవ అధ్యాయం తీసి చూడండి. పాస్కపండుగ ముగిసింది. నజరేతువారు గుంపుగా ఇంటిదారి పట్టారు. పన్నెండేళ్ల యేసుబాలుడు యెరూషలేములోనే ఉండిపోయాడు. మరియమ్మ, జోజప్ప ఒక దినమంతా నడిచారు. బిడ్డ గుంపులోనే ఎవరితోనో ఉన్నాడనుకున్నారు. సాయంత్రం వెతికితే చుట్టాల్లో లేడు, తెలిసినవారిలో లేడు. మూడు దినాల తరువాత గాని దొరకలేదు. అంత పవిత్రమైన కుటుంబానికే అలా జరిగింది. ఎవరో ఒకరు చూస్తుంటారులే అనే నమ్మకం గుంపులో ఎంత సులభంగా పుడుతుందో గమనించండి. పదిమంది ఉన్నచోట బాధ్యత పదింతలు కావాలి. అయితే తరచుగా అది పదోవంతుకు తగ్గిపోతుంది.

2014 జూన్ 8వ తేదీని మన ప్రాంతం మరువలేదు. బాచుపల్లిలోని విజ్ఞానజ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్ యాత్రకు వెళ్లారు. ఆ సాయంత్రం థలౌట్ వద్ద బియాస్ నదిలో రాళ్లమీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుండి నీరు వదిలారు. చూస్తుండగానే నది పెరిగింది. 24 మంది విద్యార్థులు, వెంట వెళ్లిన యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. గాలింపు వారాల తరబడి సాగింది. ఆ బిడ్డల్లో తప్పు వెతకడం నా ఉద్దేశం కాదు. ఎగువన ఏం జరుగుతోందో వారికెలా తెలుస్తుంది? 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఆ భారాన్ని విద్యుత్ బోర్డుకు 60, కళాశాలకు 30, ప్రభుత్వానికి 10 శాతాలుగా పంచింది. న్యాయస్థానం బాధ్యతను అలా పంచక తప్పదు. ప్రేమకు మాత్రం శాతాలు లేవు. నా వంతు పది శాతమే అని ఏ స్నేహితుడూ అనలేడు. నేను నా తమ్ముడికి కావలివాడినా అని కయీను దేవుణ్ణే ఎదురు ప్రశ్నించాడు. ఆ ప్రశ్నకు జవాబు, అవును, కావలివాడివే.

ప్రియ యువజనులారా, సముద్రం గురించి ఒక్క విషయం తెలుసుకోండి. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి వెళ్లడానికి ఇసుకతిన్నెల మధ్య సన్నని దారి చేసుకుంటుంది. దానిని రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు తక్కువగా విరుగుతాయి కనుక నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. ఈత రానివాడు ఆ చోటునే ఎంచుకుంటాడు. ఆ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. దానికి ఎదురీదినవాడు అలసిపోతాడు. చిక్కుకుంటే కంగారుపడకుండా తేలుతూ, చెయ్యెత్తి కేకవేయాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పాయ నుండి బయటపడాలి. నీటిలో దిగకముందే అక్కడి జాలరులను అడగండి. వారు వద్దన్నచోట దిగవద్దు. సెమినరీలో మేము చదువుకున్న అరిస్టాటిల్ ధైర్యాన్ని పిరికితనానికీ దుస్సాహసానికీ నడుమ నిలిపాడు. మోకాలి లోతు దాటనన్న స్నేహితుణ్ణి పిరికివాడని ఎగతాళి చేయకండి. అతడి దగ్గర ఉన్నది వివేకం.

మరో మాట. మంచికాపరికి నూరు గొఱ్ఱెలుండగా ఒకటి తప్పిపోయిన సంగతి ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కనుక తెలిసింది. లెక్కపెట్టడం ప్రేమించేవాడి పని. రైలెక్కినప్పుడు, దిగినప్పుడు, నీటిలోకి వెళ్లేముందు, బయటికి వచ్చాక తలలు లెక్కపెట్టండి. ఇద్దరిద్దరిని జతచేయండి. ఎవరి జత ఎక్కడుందో వారికి తెలియాలి. నడకలో అందరికంటే వెనుకబడినవాడి వెంట ఒకరు ఉండాలి. ఈత రానివాడు, కొత్తగా చేరినవాడు, ఎవరితోనూ కలవక మౌనంగా ఉండేవాడు, ఇలాంటివారే గుంపులో తప్పిపోతారు. మద్యం తాగి నీటిలో దిగితే లెక్క తప్పినట్టే. ఆదివారపు పూజను కూడా లెక్కలో ఉంచుకోండి. బయలుదేరేముందే దగ్గరి గుడి ఎక్కడో, పూజ ఎన్నింటికో కనుక్కోండి.

తల్లిదండ్రులారా, మీతోనూ ఒక మనవి. కారణం చెప్పకుండా వద్దంటే కొందరు పిల్లలు ఆగుతారు. మరికొందరు స్నేహితుని ఇంటికి వెళ్తున్నామని అబద్ధం చెప్పి వెళ్తారు. అబద్ధంతో వెళ్లిన బిడ్డ ఆపదలో మీకు ఫోను చేయడానికి జంకుతాడు. అది సముద్రం కంటే ప్రమాదకరం. ఏ రైలు, ఎందరు, ఎవరెవరు, ఎక్కడ బస అని అడిగి రాసుకోండి. ఇద్దరు స్నేహితుల నంబర్లు తీసుకోండి. నుదుట సిలువ గుర్తు వేసి పంపండి. అంత దూరాన ఉండి మేమేం చూడగలం అంటారా? మన మేడ్చల్ జిల్లాలోని ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. 1999లో ఏర్పడింది. దేశ తీరానికంతటికీ సునామీ, ఎత్తైన అలల హెచ్చరికలు వెళ్లేది అక్కడి నుండే. కిటికీలోంచి చూస్తే వారికి సముద్రం కనిపించదు. అయినా రేయింబవళ్లు కాపుకాస్తున్నారు. ఇంట ఉన్న తల్లిదండ్రుల కాపలా కూడా అటువంటిదే.

ఆదివారం రాత్రి సికింద్రాబాదులో రైలు దిగాక బిడ్డ ఇంటికి పంపే కబురులో, నేను చేరాను అనే మాటకంటే అందరం చేరాం అనే మాట గొప్పది. ఆ మాట నిజాయితీగా చెప్పాలంటే ముందు లెక్క చూసుకోవాలి. వెళ్లేవారికి తోడుగా, ఎదురుచూసేవారికి ధైర్యంగా, బియాస్ ఒడ్డున బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఓదార్పుగా ప్రభువు ఉండునుగాక. ఆమెన్.