వెళ్ళొస్తాను

మన ఇళ్ళల్లో గడప దాటేవాళ్ళెవరూ "వెళ్తాను" అనరు. నోరు జారి అన్నా పెద్దవాళ్ళు వూరుకోరు. "అదేం మాటే, వెళ్ళొస్తానను" అని అక్కడికక్కడే దిద్దేస్తారు. కూరలమ్మి దగ్గర్నుంచి అత్తారింటికి వెళ్ళే కొత్త పెళ్ళికూతురి దాకా అందరూ వచ్చేవాళ్ళే గాని, వెళ్ళిపోయేవాళ్ళంటూ మన భాషలో లేరు. నాకీ మాటంటే ఎంతో ఇష్టం. కాని తిరిగి రామని తెలిసి తెలిసీ ఆ మాట అనొచ్చా? అప్పుడది మర్యాదా, అబద్ధమా?

ఈ ప్రశ్న నన్నడిగింది మా అక్క కూతురు. అక్కా బావా పాతికేళ్ళ పైగా అమెరికాలో వుంటున్నారు. పిల్ల అక్కడే పుట్టి, అక్కడే చదువుకుంది. డిగ్రీ చేతికి రాగానే వుద్యోగం వెతుక్కోకుండా పీస్ కోర్‌లో చేరి జమైకా వెళ్ళింది. పీస్ కోర్ 1961లో కెనెడీ అధ్యక్షుడుగా వున్నప్పుడు అమెరికా ప్రభుత్వం పెట్టిన సంస్థ. పిలిచిన దేశాలకి మనుషుల్ని పంపి, అక్కడివాళ్ళ మధ్యే వుంటూ, వాళ్ళు తినేదే తింటూ పనిచెయ్యమంటుంది. మూణ్ణెల్లు శిక్షణ, రెండేళ్ళు పని, వెరసి 27 నెలలు. జీతం వుండదు, రోజు గడవడానికి భత్యం ఇస్తారు. మన దేశానికీ 1976 దాకా ఇలాంటివాళ్ళు వచ్చారు. తర్వాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 1966లో బొంబాయి పక్కన విఖ్రోలీకి సేవ చెయ్యడానికి వచ్చేనాటికి ఆవిడ వయసు 68 ఏళ్ళు! మనమైతే ఆ వయసుకి మోకాళ్ళకి నూనె రాయించుకుంటూ వుంటాం.

మా పిల్లకి ఒక పల్లెటూరి ప్రైమరీ స్కూల్లో పని. చదవడం రాక వెనకబడ్డ పిల్లల్ని నలుగురైదుగుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాలి. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది పాట్వా, పుస్తకంలో వుండేది ఇంగ్లీషు. ఆ బాధ మనకి తెలియంది కాదు. మొదటి ఏడాదంతా ఫోన్లో కబుర్లే కబుర్లు. "పిన్నీ, ఇక్కడ కల్లాలూ అని వండుతారు, తీరా చూస్తే మన తోటకూరే!" అనేది. పండగొచ్చినా పబ్బమొచ్చినా అక్కడ మేకమాంసం కూర వుండాల్సిందేనట. అది 1845 నుంచి ఓడల్లో కూలీలుగా వెళ్ళిన మన దేశంవాళ్ళు నేర్పిన వంట.

చివరి మూణ్ణెల్లలో గొంతు మారింది. తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు, వచ్చినప్పుడు ఒక్క అక్షరం రానివాడు, ఇప్పుడు కూడబలుక్కుని చిన్న చిన్న వాక్యాలు చదువుతున్నాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఈ పిల్ల పక్కకి చేరిపోతాడు. "మిస్, సెప్టెంబరులో కూడా నువ్వేగా?" అన్నాడట. జులైలో దీని ప్రయాణం. "ఆ, వస్తాలే అనేస్తే తప్పా పిన్నీ? మీరంతా వెళ్ళొస్తాననే అంటారుగా" అంది.

అసలు వెళ్ళడమే తప్పన్నవాళ్ళున్నారు. ఇవాన్ ఇలిచ్ అనే మతాచార్యుడు, కరీబియన్ దీవుల్లోనే ప్యూర్టోరికోలో కొన్నేళ్ళు పనిచేసినవాడు, 1968లో మెక్సికోలో సేవ చేద్దామని పోగైన అమెరికా విద్యార్థులకి ఈ సంగతి మొహమ్మీదే చెప్పాడు. చూడ్డానికి రండి, నేర్చుకోడానికి రండి, మమ్మల్ని వుద్ధరించడానికి మాత్రం రాకండి అని ఆయన మాటల సారాంశం. అందులో నిజం లేకపోలేదు. చేతిలో తిరుగుటిక్కెట్టు వున్న మనిషీ, అది లేని మనిషీ ఒకే చాప మీద కూర్చున్నా సమానులు కారు. ఒకరికది ఇరవైయేడు నెలల అనుభవం, ఇంకొకరికదే బతుకు.

అయినా వెళ్ళిపోతారు కనక రావడమే దండగ అంటే నేనొప్పుకోను. కూతుళ్ళ పురుళ్ళకని అమెరికా వెళ్ళే మన అమ్మల్ని చూడండి. ఆర్నెల్లకి మించి వుండనివ్వరని తెలిసే వెళ్తారు. వాళ్ళలో రెండు రకాలు. ఒకావిడ విమానం ఎక్కే రోజు దాకా పసిదానికి నలుగూ నీళ్ళూ, సాంబ్రాణి పొగా, జోలపాటా అన్నీ తనే. ఆవిడ వెళ్ళిన మర్నాడు ఆ కూతురికి బిడ్డనెలా ఎత్తుకోవాలో తెలీదు. ఇంకొకావిడ నాలుగో నెల నుంచే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కూతురు తడబడుతూ నీళ్ళు పోస్తుంటే, లేచి అందుకోవాలని ప్రాణం కొట్టుకుంటున్నా లేవదు. మొదటావిడే ఎక్కువ చాకిరీ చేసింది, సందేహం లేదు. ఎక్కువ మేలు చేసింది రెండో ఆవిడని నా నమ్మకం.

మా పిల్లా చివరికి అదే చేసింది. ఆ పిల్లల్ని క్లాసు టీచరుకి అప్పజెప్పి, తను వెనక బెంచీలో కూర్చోడం మొదలుపెట్టింది. కుర్రాడు పుస్తకం పట్టుకుని దీని దగ్గరికే వస్తే, వెనక్కి పంపించేది. "నన్ను మర్చిపోవడం ఎలాగో నేనే నేర్పిస్తున్నట్టుంది పిన్నీ" అని ఫోన్లో ఏడ్చింది.

ఏడుపు రాదూ మరి? మనం వారం రోజులు పుట్టింటికి వెళ్తేనే, వచ్చేసరికి ఇల్లు చిందరవందరగా వుండాలని మనసులో ఓ మూల చిన్న ఆశ. అన్నీ సర్దేసి వుంటే సంతోషించాలి కదా, ఎందుకో కాస్త చివుక్కుమంటుంది. మనం లేకపోతే జరగదనిపించుకోడంలో వున్న తీపి అలాంటిది. సేవలో కూడా ఆ తీపి కలుస్తుంది. అది కలిసిందో లేదో తెలిసేది చివరి నెలల్లోనే. అందుకే ఆ నెలలు దొరకడం అదృష్టమంటాను. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు 60కి పైగా దేశాల నుంచి ఏడువేల మంది దాకా ఇలాంటివాళ్ళని రోజుల మీద వెనక్కి పిలిపించేశారు. చాలామందికి చెప్పి వచ్చే వ్యవధి కూడా లేకపోయింది.

ఇహ ఆ ప్రశ్న సంగతి. పెద్దవాళ్ళ మధ్య "వెళ్ళొస్తాను" మర్యాదే. అనేవాళ్ళకీ, వినేవాళ్ళకీ అందులో ఎంత నిజముందో తెలుసు. పసివాడికి అది మర్యాద కాదు, తారీఖు. వాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. పైగా జమైకాలో ఎంతోమంది పిల్లల తల్లులూ తండ్రులూ పనికోసం అమెరికాకో, కెనడాకో, ఇంగ్లండుకో వెళ్ళినవాళ్ళే. పీపాల నిండా బట్టలూ బొమ్మలూ పంపుతారు. మనుషులు రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. కడప నుంచో, గోదావరి పల్లెల నుంచో తల్లి కువైట్ వెళ్తే, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లల్ని మనం ఎరగమా? అలాంటిచోట ఇంకో "వస్తాను" జమ చెయ్యొద్దన్నాను.

నిజమే చెప్పింది. కుర్రాడు రెండు రోజులు మాట్లాడలేదట. బయల్దేరే రోజు ఇంటావిడ, టీచర్లు, పిల్లలు అందరూ "వాక్ గుడ్" అన్నారు. జాగ్రత్తగా వెళ్ళమని. అక్కడ సాగనంపేవాళ్ళు అనే మాట అది. కుర్రాడన్నాడా అని అడిగాను. అనలేదట. దూరంగా నిలబడి చెయ్యి వూపాడట.

సెప్టెంబరులో వాళ్ళ టీచరు రాసింది, వాడు రెండో పుస్తకం మొదలుపెట్టాడని. "నన్ను తలుచుకుంటున్నాడా అని అడగాలనిపించింది పిన్నీ, అడగలేదు" అంది మా పిల్ల. ఆ 27 నెలల్లో అది చేసిన పనులన్నిటిలోకీ నాకు నచ్చింది ఆ అడక్కపోవడమే.