ప్రియమైనదీ, ఉత్తమమైనదీ

సినిమాలకు బహుమానాలు పంచే పని ప్రభుత్వాలకూ అకాడమీలకూ మాత్రమే పరిమితమైంది కాదు. ఏడాది చివర హాస్టలు గదిలో నలుగురు విద్యార్థులు కూర్చుంటే ఉత్తమ చిత్రం ఏది, ఉత్తమ నటి ఎవరు, ఉత్తమ సంగీతం ఎవరిది అన్న జాబితాలు తయారవుతాయి. అధ్యాపకుల గదిలోనూ అదే జరుగుతుంది. నేనూ ఇటువంటి జాబితాలు వేస్తుంటాను. దీన్ని పొద్దుపోని వ్యవహారంగా కొట్టివేయవచ్చు. కాని అందులో మనం వాడే మాటలు గమనించండి. ‘నాకు ప్రియమైనది’ అని మొదలుపెట్టి ‘ఉత్తమమైనది’ అని ముగిస్తాం. మొదటిది నా మనసును గురించిన వార్త. రెండోది లోకాన్ని గురించిన తీర్పు. ఒకదాని నుంచి రెండోదానికి దాటడానికి నాకేమి అధికారం ఉంది? ఈ ప్రశ్న రసానికే కాదు, న్యాయానికి కూడా సంబంధించింది.

మన మధ్య దీనికి రెండు సమాధానాలు వినిపిస్తుంటాయి. ఎవరి రుచి వారిది, రుచుల మీద వాదమేమిటని ఒకటి. రుచి అనేది వర్గ సమాజం తయారుచేసి ఇచ్చినదే, కనుక అభ్యుదయవాది తనకు నచ్చినదాన్ని కాక, నచ్చవలసినదాన్ని ఎన్నుకోవాలని రెండోది. మొదటిది బాధ్యత నుంచి తప్పుకొంటుంది. రెండోది నిజం నుంచి తప్పుకొంటుంది. ఎట్లాగో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

1957వ సంవత్సరపు తెలుగు చిత్రాలను తీసుకొందాం. ఆ ఏడాదిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు నంది బహుమానాలు మొదలైంది 1964లో. జాతీయ బహుమానాలు 1954లోనే వచ్చినా, నటీనటులకు విడిగా బహుమానాలివ్వడం 1967 చిత్రాలతో గాని ప్రారంభం కాలేదు. అంచేత 1957 నాటి నటీనటుల విషయంలో ప్రభుత్వ తీర్పంటూ ఏదీ లేదు. ఆ ఖాళీలు మనమే పూరించుకోవాలి. చిత్రాల వరకు మాత్రం తీర్పు ఉంది. రాష్ట్రపతి బహుమానాలలో ఆ ఏడు గుర్తింపు పొందిన తెలుగు చిత్రాలు ‘భాగ్యరేఖ’, ‘తోడికోడళ్ళు’. ‘మాయాబజార్’ వాటిలో లేదు. నా జాబితాలో మాత్రం మొదటి పేరు ‘మాయాబజార్’దే.

దీన్ని ఒప్పుకోని మిత్రులున్నారు. వారి వాదం బలమైనదే. ‘మాయాబజార్’ పౌరాణికం, రాజుల ఇంటి పెళ్ళి గొడవ, చిక్కులన్నీ మాయలతోనే విడిపోతాయి. ‘తోడికోడళ్ళు’ శరత్ ‘నిష్కృతి’ ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన సాంఘికం. కారులో షికారు పోయే సంపన్నురాలిని నిలదీసి, ఆమె ఉండే మేడా కట్టే చీరా ఎవరి శ్రమ ఫలమని అడిగే పాట అందులో ఉంది. అది శ్రీశ్రీ పాటేనని భ్రమపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, రాసింది ఆత్రేయ. శ్రమను గురించి ఇంత సూటిగా ప్రశ్నించిన చిత్రాన్ని పక్కన పెట్టి, లడ్డూలు గాలిలో ఎగిరివచ్చి నోట్లో పడే చిత్రానికి పట్టం కట్టడమేమిటని వారు అడుగుతారు.

మార్క్స్ 1857లో రాసిన ఒక ఉపోద్ఘాతంలో ఇటువంటి చిక్కునే ఎదుర్కొన్నాడు. గ్రీకు పురాణాలను పుట్టించిన సమాజం ఎన్నడో నశించింది. ఆ కళకు ఆ సమాజంతో ఉన్న సంబంధాన్ని చెప్పడం కష్టం కాదనీ, అది నేటికీ మనకెందుకు ఆనందమిస్తున్నదో చెప్పడమే కష్టమనీ ఆయన ఆలోచించాడు. ఆ ఆనందం లేదని బుకాయించలేదు. ఉన్నదని ఒప్పుకొని, కారణం వెతికాడు. మనకు ఆదర్శం కావలసింది ఈ పద్ధతి.

ఈ దారిన పోయి నేనూ వాదించగలను. ‘మాయాబజార్’ కథను నడిపేది ఆస్తి. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే రేవతికి అభిమన్యుడు అల్లుడుగా పనికిరాకుండా పోతాడు. ఆ పెళ్ళిని నిలబెట్టేవాడు అడవిలో బతికే ఘటోత్కచుడు. ఈ వ్యాఖ్య తప్పు కాదు. కాని నాకా చిత్రం ప్రియమైంది ఇందువల్ల కాదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా సావిత్రి నడిచే నడక వల్ల ప్రియమైంది. ఆ తరవాత ఎప్పుడో తోచిన వర్గ వ్యాఖ్యను నా ఇష్టానికి మూలమని చూపిస్తే, అది సరుకు కొన్నాక రాయించుకొన్న దొంగ రశీదు అవుతుంది. నిర్మాతకు భయపడి వేసిన జాబితా ఎంత అబద్ధమో, మిత్రులకు భయపడి వేసినదీ అంతే అబద్ధం. పైగా అటువంటి అబద్ధం వల్ల ఉద్యమానికి జరిగే మేలు కూడా లేదు. తన ఇష్టాన్ని దాచుకొనేవాడు దాన్ని పరీక్షించుకోలేడు.

అయితే నా ఇష్టం పూర్తిగా నా సొంతమా? నాకిప్పుడు ముప్ఫయ్యేళ్ళు దాటినవి. ‘మాయాబజార్’ను నేను ఎరిగింది టెలివిజన్ ద్వారా. పండుగకూ పబ్బానికీ మా ఇంట్లో అది వినిపించేది. 2010లో రంగులద్ది దాన్ని మళ్ళీ థియేటర్లకు తెచ్చారు. అదే ఏటి చిత్రాల్లో నేను మొదటి నుంచి చివరి దాకా చూసినవి అయిదారుకు మించవు. ఉత్పత్తి అనేది మనిషి కోసం వస్తువునే కాదు, వస్తువు కోసం మనిషిని కూడా తయారుచేస్తుందని మార్క్స్ ఆ ఉపోద్ఘాతంలోనే వివరించాడు. మన అలంకారికులు సహృదయుడు కావడానికి కావ్యపరిచయంతో కూడిన నిరంతర అభ్యాసం కావాలన్నారు. అభ్యాసం దేనితో జరిగితే హృదయం దానికే అలవాటుపడుతుంది. అందుచేత ‘1957లో ఉత్తమ చిత్రం’ అనే హక్కు నాకు లేదు. ‘నేను చూసినవాటిలో, నేను పెరిగిన తీరులో, నాకు ప్రియమైనది’ అనడానికే ఉంది. ఇది చిన్న మాటగా కనిపించవచ్చు. దీన్ని వదిలేస్తే మాత్రం అజ్ఞానమే తీర్పుగా చెలామణి అవుతుంది.

ఇంతకన్నా గడ్డు ప్రశ్న సంగీతం దగ్గర వస్తుంది. ‘మాయాబజార్’ సంగీతం ఘంటసాలదని టైటిళ్ళు చెబుతాయి. కాని ‘లాహిరి లాహిరి’తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు. ఆయన ఆ చిత్రం నుంచి తప్పుకొన్న తరవాత ఘంటసాల వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి, తక్కినవి తాను చేశారు. ఉత్తమ సంగీతం అన్న చోట ఎవరి పేరు రాయాలి? ఒక్క పేరు రాస్తే ఒకరి శ్రమను మరొకరి ఖాతాలో వేసినట్లే. నా ఇష్టం నాకు సంబంధించిందే కావచ్చు. దానికి ఒక పేరు తగిలించిన క్షణం నుంచి అది ఇతరుల హక్కుకు సంబంధించిన పని అవుతుంది. అందుకే నేను రెండు పేర్లూ రాస్తాను.

ఒక్క పేరుకే చోటిచ్చే ఈ విభాగాలను ప్రకృతి ఏర్పరచలేదు. ‘నాటు నాటు’కు 2023లో ఆస్కార్ వచ్చింది. ఆ విభాగం ప్రకారం బహుమానం స్వరకర్త కీరవాణికీ, రాసిన చంద్రబోస్‌కూ చెందింది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు అందులో చోటు లేదు. లోకం ఆ పాటను గుర్తుపట్టింది అడుగులను బట్టి. ఆ అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కూ చోటు లేదు. హాలీవుడ్‌లో నృత్య నిర్దేశానికి ఒక విభాగం 1935 నుంచి 1937 దాకా, ఆ మూడేళ్ళ చిత్రాలకు మాత్రమే ఉండి, తరవాత రద్దయింది. 2023లోనే మన జాతీయ బహుమానాలు అదే చిత్రానికి ప్రేమ్ రక్షిత్‌ను ఉత్తమ నృత్య దర్శకుడిగా ప్రకటించినవి. ఒకచోట లెక్కలోకి రాని శ్రమ ఇంకొకచోట ప్రథమ శ్రేణిలో నిలిచింది. శ్రమలో తేడా లేదు, చిట్టా మారిందంతే.

ఆ చిట్టా వెనుక ఉన్న చరిత్ర కూడా మరవరానిది. అమెరికన్ అకాడమీ 1927లో స్టూడియో అధినేత లూయీ మేయర్ చొరవతో పుట్టింది. కళాకారులు యూనియన్లు పెట్టుకోకముందే వివాదాలను తమ అదుపులో పరిష్కరించుకోవాలన్నది ఆయన ఉద్దేశాలలో ఒకటి. ‘ఇన్‌ఫార్మర్’ చిత్రరచనకు 1936లో ప్రకటించిన బహుమానాన్ని డడ్లీ నికొల్స్ తన రచయితల సంఘం పక్షాన నిలిచి నిరాకరించాడు. బంగారు బొమ్మ కన్నా తోటి రచయితల ఐక్యత ఆయనకు పెద్దదిగా తోచింది.

అట్లాగని జాబితాలు మానుకోవాలా? అక్కర్లేదు. ఉత్తమ నటి విషయమే చూడండి. 1957లో నాకు పోటీ సావిత్రికీ సావిత్రికీ మధ్యనే. ‘తోడికోడళ్ళు’లో ఉమ్మడి కుటుంబపు భారం మోసే కోడలు ఆమే, ‘మాయాబజార్’లో శశిరేఖా ఆమే. నేను రెండోదాన్నే ఎన్నుకొంటాను. మొదటి పాత్రలో ఆమె ఒక మనిషిని చూపింది. రెండోదానిలో ఒకే శరీరంతో ఇద్దరిని చూపి, ఏ క్షణాన ఎవరో మనకు అనుమానం లేకుండా చేసింది. నా కారణం ఇది. దీన్ని కాదనేవారు చిత్రాన్ని ముందు పెట్టుకొని ఖండించవచ్చు. నిత్యజీవితపు నిగ్రహాన్ని నటించడం అంతకన్నా కష్టమని నిరూపించవచ్చు. అప్పుడు నేను వినవలసి ఉంటుంది. ప్రియం ఉత్తమం వైపు నడిచే దారి ఇదొక్కటే: కారణం చెప్పడం, ఎదుటి కారణం వినడం. కారణం చెప్పని ఇష్టం కేవలం ఇష్టంగానే ఉండిపోతుంది. కారణాన్ని బయటపెట్టని న్యాయనిర్ణేతల సంఘం తీర్పు కూడా, ఎన్ని రాజముద్రలున్నా, అంతకన్నా ఎత్తుకు పోదు.

ఆత్రేయ పాట కారులోని మనిషిని అడిగిన ప్రశ్న ప్రేక్షకుడికీ వర్తిస్తుంది. చీకటి హాల్లో మనం అనుభవించిన ఆనందం కూడా ఎవరెవరో చేసి ఇచ్చిందే. దీపం పట్టినవారి పేర్లు, తెర గీసినవారి పేర్లు, బాణీ కట్టి తప్పుకొన్నవారి పేర్లు మన జాబితాలో పట్టకపోవచ్చు. పట్టలేదన్న సంగతి మాత్రం జాబితా వేసే చేతికి తెలిసి ఉండాలి.