పెంకు వెనకే రుచి



జెర్సీ సిటీ. హడ్సన్ నది ఒడ్డున ఒక రెస్టారెంట్. ఆవలి గట్టున మన్‌హట్టన్ మేడలు. కాకినాడ నుంచి వచ్చిన మా నాన్నగారి ముందు ఎర్రటి లాబ్‌స్టర్ పెట్టారు. పక్కన కరిగించిన వెన్న, నిమ్మచెక్క, పెంకు పగలగొట్టే పట్కారు.

నాన్నగారు చుట్టూ చూశారు. కోట్లు వేసుకున్న దొరలు కూడా మెడకు గుడ్డ కట్టుకుని చేతులతోనే తింటున్నారు. "ఇది మన పీతల కూర పద్ధతేరా!" అని నవ్వి, చొక్కా చేతులు పైకి మడిచారు.

లాబ్‌స్టర్ తినడానికి తొందర పనికిరాదు. ఒక్కో కాలూ విరవాలి. లోపలి తెల్లటి కండ మెల్లగా లాగాలి. పెంకు వెనకే రుచి.

వెన్న అంటిన వేళ్లతో ఫోన్ ముట్టుకోలేం. అందుకే కబుర్లు సాగాయి. మాటల్లో మహా పొదుపరి మా నాన్న. ఆ పూట మాత్రం, ఉప్పాడ తీరంలో గడిచిన తన చిన్నతనం గురించి చెప్పారు. నేను వినడం అదే మొదటిసారి.

మీ ఇంట్లోనూ అలా గట్టిగా కనిపించే మనిషి ఒకరు ఉంటారు. ఇవాళ కాసేపు వాళ్ల పక్కన కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టండి. తొందరపడకండి.

పెంకు వెనకే రుచి.