ఆధారపడడం తప్పా?

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డిగ్రీ చదివే విద్యార్థికి ఇవాళ ఫోను లేకుండా రోజు గడవదు. హాల్ టికెట్, ఫలితాలు, ఫీజు వివరాలు, డీఎస్సీ పాఠాలు అన్నీ అందులోనే. చివరికి టీకొట్టులో ఇచ్చే పది రూపాయలు కూడా అందులోంచే పోతాయి. ఇది చూసి పెద్దవాళ్లు పిల్లలు ఫోనుకు బానిసలయ్యారంటారు. మనిషన్నవాడు దేనిమీదా ఆధారపడకూడదన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. ఆ నమ్మకమే సరికాదని ఈ నేలమీద వేళ్లూనిన తత్వం చెబుతోంది.

ఈ రెండు ఊళ్లకూ దగ్గర్లో, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం ఉంది. ఆ ఊరు ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చిన దానమని మఠ సంప్రదాయం. 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి మధ్వాచార్యుల ద్వైతానికి గొప్ప వ్యాఖ్యాత. ద్వైతం తత్వాన్ని మొట్టమొదట స్వతంత్రం, అస్వతంత్రం అని రెండుగా విడదీస్తుంది. విష్ణువొక్కడే స్వతంత్రుడు, జీవులూ జడపదార్థాలూ అస్వతంత్రాలు. కాబట్టి ఆధారపడడం జీవుడి స్వభావమే గాని నేరం కాదు. తనలాగే పరాధీనమైన వస్తువును స్వతంత్రమని భ్రమించి మనసు అప్పగించడమే అజ్ఞానం. ఫోనులో ఆగకుండా వచ్చే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఎవరి అధీనంలో ఉన్నాయో చూడండి. ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా సంస్థకు 2023లో వచ్చిన ఆదాయంలో 97 శాతానికి పైగా ప్రకటనలదే. మన చూపు ఎంతసేపు నిలిస్తే వాళ్లకు అంత రాబడి. తరువాత ఏది చూపాలో తేల్చే లెక్కలో మన మేలుకు దక్కే చోటు తక్కువ.

అమ్మానాన్నలు మిరపకోతల సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు వెళ్తే హాస్టల్లో ఉన్న పిల్లకు వాళ్ల గొంతు వినిపించేది ఫోనే కదా అని అడగవచ్చు. నిజమే, అక్కడ ఆమె ఆధారపడుతున్నది అమ్మానాన్నల మీద, ఫోను సాధనం మాత్రమే. ఆ మాటలు ముగిశాక కూడా వేలు తెరమీద కదులుతూనే ఉంటే సాధనం యజమాని అయినట్టు. భక్తి మాత్రం మనసును అప్పగించమనదా అన్నది మరో ప్రశ్న. అంటుంది, కానీ కళ్లు మూసుకొని కాదు. భగవంతుడి మహిమను తెలుసుకున్నాక కలిగే గట్టి ప్రేమనే మధ్వాచార్యులు భక్తి అన్నారు. రీల్స్‌కు ఆ ఎరుకతో పనిలేదు, మనం ఏమరపాటులో ఉంటే చాలు. దేవుణ్ణి నమ్మనివాళ్లకైనా ఈ విచారణ పనికొస్తుంది. నా మనసును లాగుతున్నది ఎవరు, ఎవరి లాభం కోసం అని అడగడానికి ఆస్తికత అక్కర్లేదు.

అందుకే ఫోను వదిలేయమని విద్యార్థులకు చెప్పడం అన్యాయం. దాన్ని చేతిలోకి తీసుకునేముందు ఏ పనికో తేల్చుకోండి, ఆ పని కాగానే పక్కన పెట్టండి. ఆధారపడక తప్పనప్పుడు, దేనిమీద ఆధారపడాలో ఎంచుకోవడమే వివేకం.