పాత పుస్తకంలో ఒక ఖాళీ గడి



పెండ్లి చాటింపులకో, పిల్లల బడికో జ్ఞానస్నాన పత్రం కావలసివచ్చినప్పుడు మీరు విచారణ గురువు దగ్గరకు వస్తారు. ఆయన బీరువాలోంచి పాత పుస్తకం తీసి, వరుసల మీద వేలు నడిపించి మీ పేరు చూపిస్తారు. పత్రం చేతికి రాగానే ఆ పుస్తకాన్ని మరచిపోతాం. కాని అది చిన్న పుస్తకం కాదు. వివాహాలను, జ్ఞానతల్లిదండ్రుల పేర్లను పుస్తకంలో రాసి ఉంచాలని 1563లో ట్రెంట్ మహాసభ విచారణ గురువులను ఆదేశించింది. 1614 నాటి రోమను కర్మకాండ గ్రంథం మరణాలను కూడా రాయమంది. ప్రపంచంలో ఎక్కడి విచారణకైనా ఇదే నియమం.

ఆ పుస్తకాలు ఎన్ని మంచి చెడ్డలు చూశాయో తెలియాలంటే చెక్ దేశం వైపు చూడాలి. 19వ శతాబ్దంలో అక్కడి బొహీమియా, మొరావియా ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు అమెరికాలోని టెక్సాస్, నెబ్రాస్కా, చికాగోలకు వలస వెళ్ళాయి. వారి మునిమనుమలు ఇప్పుడు తమ పూర్వీకుల కోసం ఆ విచారణ పుస్తకాలనే వెతుకుతున్నారు. 1950లో కమ్యూనిస్టు ప్రభుత్వం జనన మరణాల నమోదును శ్రీసభ చేతిలోంచి తీసుకుంది. పాత పుస్తకాలు ప్రభుత్వ భాండాగారాలకు చేరాయి. నేడు వాటి పేజీలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

చూడవచ్చు గాని చదవడం తేలిక కాదు. కొన్ని లతీనులో, కొన్ని పాత జర్మన్ గొలుసుకట్టు రాతలో, కొన్ని చెక్ భాషలో ఉంటాయి. చెక్ భాషలో వాత్స్లావ్ అనే పేరు జర్మన్‌లో వెన్‌త్సెల్ అవుతుంది. అమెరికాలో దిగాక అతడే జేమ్స్ కూడా కావచ్చు. అందుకే చాలాసార్లు పేరుకంటే ఇంటి నంబరే దారి చూపుతుంది. ఆ నంబర్లు 1770 ప్రాంతంలో మరియ తెరేసా మహారాణి వేయించినవి.

ఆమె కుమారుడు రెండవ జోసెఫ్ చక్రవర్తి 1784లో ఈ పుస్తకాలకు గడులు గీయించాడు. వాటిలో ఒకటి, బిడ్డ సక్రమ సంతానమా, అక్రమ సంతానమా అని గుర్తు పెట్టే గడి. నేటి ధర్మసందేహం అక్కడే మొదలవుతుంది.

ఒకతను ఎన్నో రాత్రులు వెతికి తన ముత్తవ్వ జ్ఞానస్నానం దొరికిందని సంతోషించాడనుకోండి. తల్లి పేరు ఉంది, ఒక రైతు ఇంట పనిమనిషి అని ఉంది. తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది. వంద ఏళ్ళకు పైగా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. అతడు ఏం చేయాలి? ఇంట్లో చెప్పాలా? ఆ పేజీ మూసేయాలా?

చెరిపేయడం న్యాయం కాదు. ఆ వరుసను దాచిపెడితే బిడ్డను కని పెంచిన తల్లే వంశంలోంచి మాయమవుతుంది. ఖాళీ గడి సిగ్గు ఆమెది కాదు, పేరు చెప్పకుండా తప్పుకున్నవాడిది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ గుర్తు పెట్టిన చేయి నాలాంటి ఒక విచారణ గురువుదే. చట్టం అడిగింది, ఆయన రాశాడు. ఆ బిడ్డ జీవితమంతా ఆ మాటను మోసింది.

అయితే నిజమని తెలిసినంత మాత్రాన చాటింపు వేయవచ్చా? తగిన కారణం లేకుండా ఇతరుల లోపాన్ని బయటపెట్టడం, అది నిజమైనా పాపమేనని ఉపదేశంలో నేర్చుకున్నాం. విని నొచ్చుకునే ముసలి ప్రాణం ఇంట్లో ఉంటే ఆగాలి. చెప్పేటప్పుడు కథలా కాక గౌరవంతో చెప్పాలి.

అన్నింటికన్నా ముందు, ఎందుకు వెతుకుతున్నామో మనల్ని మనం అడగాలి. 1939 నుంచి 1945 వరకు నాజీల ఏలుబడిలో చెక్ ప్రజలు కూడా ఈ పుస్తకాలను వెతకవలసివచ్చింది. తాతలు, అవ్వలు ఏ మతస్థులో చూసి మనిషి జాతిని తేల్చిన రోజులవి. జ్ఞానస్నాన పత్రం ఉన్నవాడికి ఉద్యోగం నిలిచింది. తాతలు యూదులైనవారిని తెరెజీన్‌కు, అక్కడి నుంచి మరణ శిబిరాలకు పంపారు. దేవుని బిడ్డగా చేర్చుకున్నామని సాక్ష్యం చెప్పే పుస్తకమే మనుషులను వేరుచేసే కొలబద్ద అయింది. ఇది దూరపు కథ అనుకోకండి. ఒకే తొట్టిలో జ్ఞానస్నానం పొంది కూడా, పెళ్ళి సంబంధం అనగానే ముందు కులం అడిగే ఇళ్ళు మన విచారణల్లో లేవా?

తల్లిదండ్రుల పట్ల భక్తిని అక్వీనాసు పునీత తోమాసు న్యాయమనే సుగుణం పక్కన ఉంచి చెప్పారు. అది ఎంత తీర్చినా తీరని ఋణం అన్నారు. పూర్వీకులు మన గొప్పకు ఆధారాలు కారు, మనం ఋణపడినవారు. మంచివారికి మాత్రమే ఋణపడి ఉంటామని చెప్పడానికి లేదు. పునీత మత్తయి ప్రభువు వంశావళి రాస్తూ తామారును, రాహాబును, ఊరియా భార్యను వదలిపెట్టలేదు. ఇల్లు చెప్పుకోవడానికి జంకే పేర్లే ఆయన ఎత్తి రాశారు.

ప్రహతిత్సె అనే బొహీమియా పట్టణంలో 1811లో ఒక బిడ్డకు జ్ఞానస్నానం జరిగింది. తండ్రి బవేరియా నుంచి వచ్చి మేజోళ్ళు నేసేవాడు, తల్లి చెక్ స్త్రీ. ఆ బిడ్డ అమెరికా వెళ్ళి 1852లో ఫిలడెల్ఫియా పీఠాధిపతి అయ్యాడు. 1977లో పునీతుడుగా ప్రకటింపబడిన జాన్ న్యూమన్ ఆయనే. పనిమనిషి బిడ్డకైనా, కాబోయే పునీతునికైనా జ్ఞానస్నానపు నీళ్ళు ఒకటే. గడుల్లో తేడా మనుషులు గీసినది.

ఈ ఆదివారం పూజ తరువాత మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని వారి అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు అడిగి రాసుకోండి. ఎవరి పేరైనా చెప్పడానికి వారు జంకితే గుచ్చి గుచ్చి అడగకండి. ఆ పేరు లేనివారి కోసం కూడా ఒక పరలోక జపం చెప్పండి.